నిప్పు కాపలా

మూడు రాత్రుల కాపలాకి నన్ను పిలిచారు,
పీచు మిల్లులో ఇరవై రెండేళ్ళు చేసినదాన్ని కదా అని.
అంబాజీపేటలో ఎవర్నడిగినా చెబుతారు:
కుడుపూడి వరాలమ్మకి
పొగ లేవకముందే వాసన తెలుస్తుందని.

పీచు పొట్టు గుట్ట చూశారా ఎప్పుడైనా?
పైన వాన పడుతుంటుంది, కాకి వాలుతుంటుంది.
లోపల నాలుగు రోజుల కిందటి బీడీ ముక్క
ఎవరికీ చెప్పకుండా తన పని తాను చేసుకుంటుంది.
మంట కాదు. మంటయితే నయం, కనిపిస్తుంది.

ఇక్కడ వైనతేయ పాయ నడుమ ఇసుక తిప్ప.
పంటు మీద దిగారు పిల్లలు, మూడొందల మంది.
నీలం గుడారాలు, నారింజ గుడారాలు,
నిప్పురవ్వ తాకితే సర్రున కరిగే బట్ట.
తోలుబొమ్మలవాళ్ళు, తుక్కు ఇనుముతో గుర్రాలు చేసేవాళ్ళు,
నిప్పు గొలుసులు తిప్పే హిమజ.
ఆ పిల్ల జుట్టుకి తడిగుడ్డ కట్టించింది నేనే.
నైలాను చున్నీ వద్దన్నాను. అలిగింది.
తర్వాత నూలుది కట్టుకుంది.

గుడారానికీ గుడారానికీ మధ్య ఏడడుగులు.
నా అడుగులు, మీవి కావు.
పెళ్ళిలో లాగా ఏడడుగులా అండీ, అని నవ్వారు.
ఆయ్, పెళ్ళి కాకుండా ఉండడానికే అన్నాను,
మంటకీ, పక్క గుడారానికీ.

ఎర్ర బకెట్లలో ఇసుక, నీలం బకెట్లలో గోదారి.
రెండోనాడు పొద్దున ఒకదాంట్లో
ఎవరో బంతిపూలు వేసి ఫోటో తీసుకుంటున్నారు.
ఇంకోదాంట్లో సీసాలు చల్లబెట్టారు.
పూలు ఉండనిచ్చాను.
సీసాల సంగతి అడక్కండి.

ఆఖరి రాత్రికి పులస.
వెదురూ ఎండు కొబ్బరాకులూ కట్టిన ఇరవై అడుగుల పులస,
దాన్ని తగలెట్టడమే పండగట.
తొమ్మిదింటికి గాలి తిరిగింది.
కొంగున మూటగట్టుకున్న పీచుపొట్టు
పిడికెడు తీసి పైకి విసిరాను.
తిన్నగా గుడారాల మీదికి పోయింది.

తేజోవర్ధన్ అని, వాళ్ళ పెద్ద,
మెడలో విజిలు, కళ్ళ కింద నిద్రలేని నలుపు.
మూడు నెలల పనమ్మా, అందరూ దీనికోసమే వచ్చారన్నాడు.
మా మిల్లూ మూడు నెలల్లోనే కట్టారు బాబూ, అన్నాను.
పోవడానికి ఎంతసేపు పట్టిందో అతను అడగలేదు.
నేను చెప్పలేదు.
కాసేపు ఇసుకలో బొటనవేలితో గీతలు గీసి
విజిలు ఊదాడు.

జనం ఊళలు వేశారు.
ఎవరో ముసలిది పండగంతా పాడుచేసిందన్నారు.
నిజమే.
హిమజ ఒక్కతే వచ్చి నా బకెట్టు పక్కన కూర్చుంది.
దూరంగా గ్యాసు బావి గొట్టం మీద
ఏళ్ళ తరబడి ఆరని మంట, మబ్బు కింద ఎర్రగా.
దానికి కాపలా ఎవరత్తా, అంది.
నాకు తెలీదు.

రెండింటికి అందరూ పడుకున్నాక తిరిగాను.
వంట పొయ్యి మీద ఇసుక కప్పి
ఆరిపోయిందనుకుని వెళ్ళిపోయారు.
నిప్పుకి దుప్పటి కప్పినట్టు!
ఉత్తి కాళ్ళతో ఉచ్చకి లేచే పసివాడు
ఒక్కడు చాలు.
నీళ్ళు పోశాను. కర్రతో కెలికాను. మళ్ళీ పోశాను.
నా అరచేతులు పీచు పీకీ పీకీ మొద్దుబారాయి,
అందుకని చేతి వెనక వైపు ఆన్చి చూశాను.
ఇంకా ఉంది.
ఇంకో బకెట్టు. ఆ బంతిపూలదే.

పొద్దున్నే మంచుకి తడిసి
పులస అలాగే నిలబడుంది, నోరు తెరుచుకుని.
పంటు నడిపే ఓలేటి పెంటయ్య దాని చుట్టూ తిరిగి
ఈ వెదురు నేను పట్టుకెళ్ళొచ్చా అన్నాడు.
తేజోవర్ధన్ నావైపు చూశాడు.
నన్నడుగుతారేంటి?

డబ్బులిచ్చేటప్పుడు పుస్తకంలో
నా పేరుకెదురుగా ఒక గడి: ఏం జరిగింది.
ఏం రాయమంటారండీ, అన్నాడు.
గాలి తిరిగింది, అని రాయి.
సంతకం పెట్టాను.
పంటులో నా కాళ్ళ దగ్గర వెదురు బొంగులు,
ఇంకా తడిగానే.